చిన్నాయన ఊదిన తీరు

మా చిన్నాయన మార్కాపురంలో ఒక పలకల ఫ్యాక్టరీలో రాయి కోస్తాడు. దగ్గు తగ్గడం లేదని ఈ రోజు నేనూ చిన్నమ్మా ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు మూత్ర పరీక్షా, ఊపిరితిత్తుల పరీక్షా రాశాడు.

చిన్నాయన మూత్రం డబ్బా చిటికెలో నింపి, మూత బిగించి మరీ ఇచ్చాడు. తంటా అంతా ఊపిరితిత్తుల మిషను దగ్గరే వచ్చింది.

"గొట్టం నోట్లో పెట్టుకొని బలమంతా పెట్టి ఊదు పెదనాయనా" అంది ల్యాబులో అమ్మాయి.

చిన్నాయన వేడి టీ చల్లార్చుకుంటున్నట్టు ఊదాడు. మళ్లీ ఊదమంటే మళ్లీ అంతే.

"ఊపిరి ఇంత తక్కువుంటే ఇక్కడిదాకా ఎట్ల నడిచొచ్చినావు?" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. చిన్నమ్మ ఏడుపు అందుకుంది.

నాకు అనుమానమొచ్చి, ఎందుకట్లా ఊదుతున్నావని చెవిలో అడిగాను.

"గట్టిగ ఊదితే నంబరు పెరగదేందిరా? దోర్నాల రోడ్డులో పోలీసోళ్లు మిషను పెట్టినప్పుడల్లా ఇట్లనే ఊది బయటపడినా."

గుసగుసగానే చెప్పాననుకున్నాడు. చిన్నమ్మ ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఇక్కడ నంబరు పెరిగితేనే మంచిది పెదనాయనా" అని ఆ అమ్మాయి నవ్వుతూ మళ్లీ గొట్టం ఇచ్చింది. ఈసారి చిన్నాయన నిజాయితీగా, కళ్లు బయటికొచ్చేలా ఊదాడు.

నంబరు పెద్దగా మారలేదు. ఆ అమ్మాయి నవ్వడం ఆపేసింది.

తాగాడేమోనని రోడ్డు మీద ఆపి ఆయన చేత ఊదించినవాళ్లు ఎందరో. రోజంతా రాతిపొడి పీల్చే ఫ్యాక్టరీలో మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎవరూ ఊదించలేదు. పనివాళ్ల చేత ఊదించే ఫ్యాక్టరీ మీ వైపు ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఊరికే చూసి వస్తాం.