పావు చుట్టు ప్రయాణం

ఆ ఇంటి ముందున్న బండిలో మంచం, పొయ్యి, స్నానాల గది అన్నీ ఉన్నాయి, ప్రయాణం తప్ప. దాన్ని ముచ్చటపడి కొన్న లెక్కల మాస్టారు రోజూ తెల్లవారగానే నీళ్ల ట్యాంకుకు చెవి ఆనించి, డాక్టరు ఛాతీ తట్టినట్టు వేలితో తట్టి వింటారు. ఎవరూ తాగని నీళ్లు పారబోసి, ఎవరూ తాగబోని నీళ్లు నింపుతారు. టైర్లలో గాలి కొలిచి, మీటరు ముల్లు తన మాట విన్నందుకు మురిసిపోతారు. కదలకుండా నిలబడితే టైర్లు అడుగున చదునవుతాయని ప్రతి ఆదివారం బండిని చక్రం పావు చుట్టు తిరిగేంత ముందుకో వెనక్కో జరుపుతారు. ఆ మూరెడు ప్రయాణానికి భార్య ఇస్త్రీ బట్టలు కట్టుకుని, చేతిసంచీతో పక్కన కూర్చుంటుంది.

ఈ ఆదివారం బండి ఆగినా ఆవిడ దిగలేదు. “అయిపోయిందిగా, దిగు,” అన్నారు మాస్టారు. “గాలి ఉందాండీ?” “ఉంది.” “నీళ్లు?” “నిండా.” “డీజిలు?” “అంచు దాకా.” “టైర్లు చదునవుతాయని ఎంత బెంగో! ముప్పై ఏళ్లుగా ఈ గుమ్మంలోనే ఉన్నదాన్ని, నా మాటేమిటి?” మాస్టారు మీటర్లన్నీ ఒకసారి చూశారు. ఒక్క ముల్లూ ఆయన పక్షాన నిలబడలేదు. గేరు వేశారు. బండి గేటు దాటుతుంటే ఆవిడ చక్రాల చుట్లు పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు... వీధి మలుపులో లెక్క తప్పింది. లెక్కల మాస్టారు దిద్దలేదు.