కాపిబారా, మా అక్క గేదె

దర్శి దగ్గర మా అక్క వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు, ఫోనులో కాపిబారా వీడియో చూపించాను. దక్షిణ అమెరికా జంతువు. ఎలుక జాతిలో అన్నిటికంటే పెద్దది. మెడదాకా నీళ్ళలో మునిగి కళ్ళు మూసుకుని ఉంది. నెత్తిన ఒక పిట్ట.

"ఏందిరా ఇది, ఎలుకంటావ్! అచ్చం మా గేదెలా ఉంటే" అంది అక్క.

వీటి మందలో ఏ పిల్ల ఏ తల్లి దగ్గరికి పోయినా పాలిస్తుందట అన్నాను. అక్క నవ్వు ఆపేసింది.

పక్కింటి సాయిబు గారి భార్యకు ఉన్న ఒక్క గేదె ఈమధ్యే పాము కరిచి చచ్చిపోయింది. దాని పెయ్యదూడ సీసా పాలు ముట్టదు. డొక్కలు లోపలికి పోయాయి. అక్క గేదె దగ్గర వదిలితే అది తన్ని తరిమేసింది.

"ఎలుకకున్న బుద్ధి దీనికి లేదా?" అంటూ అక్క లేచింది.

గేదె తన దూడను వాసనతోనే గుర్తుపడుతుంది. అందుకని, దాని దూడ పడుకునే గోతంతో ఈ పెయ్యను రుద్దాలనుకుంది అక్క. వసారా మూల చేతికందినది లాక్కొచ్చి ఒళ్ళంతా రుద్దింది. తీరా చూస్తే అది మిరపకాయలు తొక్కిన గోతం. పెయ్య తుమ్మింది. గేదె బుసకొట్టింది. మేమందరం దగ్గాం.

"ఏందే అక్కా, కూరొండుతున్నావా? ఉప్పెయ్యడం మర్చిపోయావ్!" అంది పక్కింటావిడ, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"చాల్లే, ముందు దాన్ని కాలవకి తోలు" అంది అక్క.

గేదెనూ రెండు దూడలనూ కాలవలోకి దింపారు. పక్కింటావిడ చెంబుతో నీళ్ళు పోస్తుంటే, కళ్ళు మండి పెయ్య ఒకటే అరుపు. మెడదాకా మునిగి ఉన్న గేదె చెవులు ఇటు తిప్పింది. కాసేపటికి నింపాదిగా వచ్చి దాని కళ్ళు నాకింది.

గట్టెక్కాక గేదె సొంత దూడ పొదుగు అందుకుంది. పక్కింటావిడ తన పెయ్యను వెనక కాళ్ళ సందు నుంచి తోసింది. గేదె కాలెత్తింది. ఎత్తిన కాలు మెల్లగా దించేసింది.

"ఒరేయ్, ఆ ఎలుకని మళ్ళీ పెట్టరా, ఈవిడ కూడా చూస్తుంది" అంది అక్క.

ఆవిడ ఫోను వైపు తిరగలేదు. పెయ్య గొంతు కింద చెయ్యి పెట్టి, గుటకలు దిగుతున్నాయో లేదో చూసుకుంటోంది.