బైబిలమ్మ డబ్బాలో ఉన్నది ఆకలి కాదు

మా పేట బైబిలమ్మ పోయింది. చీమకుర్తి క్వారీ దగ్గర టీ బంకు ముందు నిలబడి ఉండగా, మా ఊరి మీదుగా వచ్చిన లారీ డ్రైవరు తల బయటపెట్టి చెప్పాడు. "ఒరేయ్, మీ బైబిలమ్మ పోయిందంటరా. మిరపకాయలు ఏరతా ఏరతా కళ్లంలోనే పక్కకి ఒరిగిపోయిందంట." చెప్పి హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు. నేను రెండు బస్సులు మారి ఊరికి చేరేసరికి సమాధి చేసేశారు. కళ్లం మాత్రం ఆ పూట ఆగలేదట. మబ్బు పట్టింది, కాయలు తడిస్తే రంగు పోతుందని రైతు మిగతా ఆడవాళ్లను మళ్లీ ఏరడానికి కూర్చోబెట్టాడట. ఆమె కూర్చున్న గోనె పట్టా మీద ఇంకొకరు కూర్చున్నారు.

పోయినవాళ్ల గురించి మెత్తగా రాయాలంటారు. నాకు చేతకాదు. మెత్తగా రాస్తే ఆమె మీద అచ్చయిన ఒక అబద్ధం అలాగే మిగిలిపోతుంది. అది తుడవడానికే ఈ నాలుగు ముక్కలు. చదివేవాళ్లు నా కోపాన్ని క్షమించక్కర్లేదు, నిజం తెలుసుకుంటే చాలు.

ఆమెను ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. వారమంతా మిరపకాయల కూలి. శనివారం మధ్యాహ్నం నుంచి చర్చి పని. ఇంటింటికీ తిరిగి వాక్యం చదివేది, జబ్బు పడ్డవాళ్ల పక్కన కూర్చునేది, పాట పాడేది. అందుకే బైబిలమ్మ. మిరప సీజనంతా ఆమె వేళ్లు మండుతూనే ఉండేవి. పసిపిల్లలు ఎదురొస్తే అరచేతితో ముట్టుకునేది కాదు, మణికట్టు వెనకవైపుతో బుగ్గ మీద రాసేది. ఆ రాపిడి నా బుగ్గకి కూడా తెలుసు.

శనివారం ఆమె చేతిలో ఒక డబ్బా ఉండేది. మా పేట ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే ముంతలో వేస్తారు. రోజూ, పూటపూటా. అది దేవుడి పిడికెడు. వారానికోసారి బైబిలమ్మ వచ్చి ఆ ముంత బియ్యం డబ్బాలోకి పోయించుకుని, పేటలో పొయ్యి వెలగని ఇల్లు ఏదో చూసి అక్కడ ఇచ్చేది. ఎవరికిచ్చిందీ ఎవరికీ చెప్పేది కాదు. ఒకసారి మా అమ్మ, "ఈ వారం ఏం మిగల్లేదు బైబిలమ్మా" అంటే ఆమె కయ్యిమంది. "మిగిలాక ఇచ్చేది కానుకేందే? కుక్కకీ అదే వేస్తాం. ఎసట్లో పొయ్యకముందు తీసిందే కానుక."

ఆమె నాకు స్నేహితురాలు. నవ్వేవాళ్లు నవ్వండి. ఆమెకు అరవై దాటాయి, నాకు మీసం వచ్చి నాలుగేళ్లు. నేను చర్చి మెట్లెక్కను. పాంప్లెట్లు చదువుతాను. ఎక్కడ ఏది దొరికితే అది, తెలుగులో ఉంటే తెలుగులో, లేకపోతే డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషులో. కళ్లం గట్టున కూర్చుంటే ఆమె కాయలు ఏరుతూ, "ఏం రాశాడ్రా ఇవ్వాళ నీ ఎర్ర పుస్తకంలో?" అనేది. నేను చదివేవాణ్ణి. అంతా విని చివరికి ఒక మాట అనేది. "సగం మా ప్రభువు చెప్పిందే. మిగతా సగం కూడా ఆయనే చెప్పుంటే బాగుండేది."

అలాంటి మనిషిని సముద్రాల అవతల నుంచి మిషను వాళ్లు పిలిచారు. కెనడాలో ఊరూరా చర్చీలు తిరిగి, దేవుడు తన బతుకులో చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. తోడుగా ఇంగ్లీషు చెప్పేవాడు ఒకడు రావాలి. పాస్టరుగారు తన బావమరిదిని సిద్ధం చేశారు. బైబిలమ్మ నా పేరు చెప్పింది.

"వాడా? వాడు దేవుడితో మాట్లాడడమ్మా!" అన్నారు పాస్టరుగారు.

"నాతో మాట్లాడతాడు గదండీ. అంత దూరంలో నాకు కావాల్సింది అదే. దేవుడితో నేను మాట్లాడుకుంటా."

అలా మూడు నెలలు తిరిగాం. ప్రతి ఊళ్లోనూ ఒకటే ప్రశ్న. మీరు ఆకలితో ఎలా బతికారు? మేం రాకముందు మీ చీకటి ఎలా ఉండేది? ఆమె లేచి నిలబడి, మిరపకాయ ఎండబెట్టడం గురించి చెప్పేది. ఎండ ఎక్కువైతే ఎలా కాయ తెల్లబడి తాలు అవుతుందో, మంచు పడితే ఎలా పట్టాలు కప్పాలో, ఏరుతూ ఏ పాట పాడతారో చెప్పి ఆ పాట పాడేది. నేను ఇంగ్లీషు చేసేవాణ్ణి. ముందు వరసలో మొహాలు చిన్నబోయేవి. వాళ్లు కొనుక్కున్న టిక్కెట్టుకి వేరే సినిమా పడ్డట్టు. నాకు లోపల్లోపల పండగ.

ఇక ఆ చివరి రోజులు. నేను రాయాలనుకున్నది వాటి గురించే.

ఆఖరి ఊళ్లో ఒక దంపతుల ఇంట్లో దిగాం. ఆవిడ మంచిది. నా కోపానికి చిక్కే అది. చెడ్డదయితే ఒక తిట్టు తిట్టి మర్చిపోయేవాణ్ణి. బైబిలమ్మ కాళ్లు చలికి పగిలాయని తన చేతులతో నూనె రాసింది ఆవిడ.

కెనడాలో దిగిన మొదటి ఇంట్లో బైబిలమ్మకి ఒక పెద్ద ఖాళీ బిస్కెట్ల డబ్బా ఇచ్చారు, మూత మీద మంచు కప్పిన ఇల్లు బొమ్మ. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో ఉన్నా వంట మొదలవకముందు ఆమె వంటింట్లోకి వెళ్లేది. ఆ పూట పొయ్యి మీదకి ఏది ఎక్కుతుందో దాంట్లోంచి ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది. బియ్యం దొరికితే బియ్యం. లేకపోతే ఎండు బఠాణీలు, ఓట్స్, సేమ్యాలాంటి గొట్టాలు. మొదట్లో ఇంటివాళ్లకి నేను విడమర్చి చెప్పాను. తర్వాత్తర్వాత ఇళ్లలో ఎవరూ అడగలేదు, నవ్వి ఊరుకున్నారు. ఆఖరి ఇంట్లోనూ అంతే అనుకున్నాను. "అడిగి తీసుకో పెద్దమ్మా" అని నేనంటే, "తిన్న ఇల్లు మన ఇల్లే గదరా. మన ఇంట్లో పిడికెడు తియ్యడానికి ఎవర్ని అడుగుతాం?" అంది.

ప్రయాణానికి సామాన్లు సర్దే రోజు నేను బయటికి వెళ్లి వచ్చేసరికి బైబిలమ్మ గదిలో నలుగురు చేరారు. ఇంటావిడ కళ్లు తుడుచుకుంటోంది. మంచం కింద నుంచి తీసిన డబ్బా మూత తెరిచి బైబిలమ్మ ఒళ్లో ఉంది. వీడ్కోలు ఫొటో కోసం వచ్చిన మిషను పత్రిక ఫొటోగ్రాఫరు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని ఫొటో తీస్తున్నాడు. బైబిలమ్మ నోరంతా తెరిచి నవ్వుతోంది. తన కానుక చూసి వీళ్లంతా సంతోషపడుతున్నారని ఆమె అనుకుంది.

ఇంటావిడ నా చెయ్యి పట్టుకుంది. "ఎంత ఆకలి చూసిందో పాపం! మేం పెట్టేది ఎప్పుడు ఆగిపోతుందోనని ఇన్నాళ్లూ దాచుకుంటోంది. మాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

నేను అరిచాను. ఏం అరిచానో నాకే తెలీదు, డిక్షనరీలో ఉన్న తిట్లన్నీ అయిపోయాయి.

"ఏందిరా ఆ అరుపులు, పరాయింట్లో?" అంది బైబిలమ్మ.

"నువ్వు తిండి దాచుకుంటన్నావంట! ఆకలి భయంతో! నీ డబ్బాకి వాళ్లు చెప్పే అర్థం అదీ!"

ఆమె నవ్వు ఆగింది. డబ్బాలోకి ఒకసారి చూసుకుంది. మళ్లీ నవ్వింది, ఈసారి వేరే నవ్వు. "వీళ్లకి ఆకలంటే తెలీదురా. ఆకలైనోడు డబ్బాలో దాస్తాడా ఎక్కడన్నా? కడుపులో దాస్తాడు. చెప్పు ఈ మాట."

చెప్పాను. పిడికెడు బియ్యం సంగతి మొదట్నుంచీ చెప్పాను. ఇంటావిడ మొహం ఎర్రబడింది. ఫొటోగ్రాఫరు తల ఊపాడు. "అద్భుతం, అద్భుతం" అన్నాడు. తల ఊపినవాడికి అర్థమైందనుకున్నాను. అంత చదివీ నాకు ఆ మాత్రం తెలీకపోయింది.

ఆదివారం ఆఖరి ఆరాధన. సాక్ష్యం చెప్పమని పిలిస్తే బైబిలమ్మ డబ్బాతో ముందుకు వెళ్లి, కానుకల బల్ల మీద బోర్లించింది. బియ్యం, గొట్టాలు, బఠాణీలు, ఓట్స్ కుప్పగా పడ్డాయి. "మీ ఇళ్లల్లో తిన్నాను. ఇవి మీ ఎసట్లో పొయ్యకముందు తీసిన పిడికిళ్లు. మీ ఊళ్లో పొయ్యి వెలగని ఇంటికి ఇవ్వండి" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను.

ఒక పెద్దాయన లేచి చాలా మర్యాదగా అన్నాడు, మా ఊళ్లో అలాంటి ఇళ్లు లేవమ్మా అని.

"లేకేం? బస్టాండులో బెంచీ మీద ముసలాయన లేడూ, కాగితాలు కప్పుకుని? నేను దిగిన రోజు నుంచీ చూస్తన్నా."

నేను ఆ మాట కూడా చెప్పాను. అంతా చప్పట్లు కొట్టారు. చప్పట్లు! కచ్చేరీ అయిపోయినట్టు.

ఆరాధన అయ్యాక అందరూ కాఫీకి వెళ్లారు. చర్చి ఊడ్చే మనిషి వచ్చి బల్ల మీది కుప్పని చేత్తో తోసి నల్ల సంచిలో పోశాడు. కిందపడ్డవి చీపురుతో ఊడ్చాడు. అతన్ని ఏమనను, బల్ల శుభ్రం చేయమన్నారు, చేశాడు. నేను ఉరకబోతే బైబిలమ్మ వెనక నుంచి చొక్కా పట్టుకుంది.

"వద్దురా. ఇచ్చాక అది మనది కాదు."

"చెత్తలో పోస్తన్నారే!"

"నాకు కళ్లున్నై. ఖాళీ డబ్బా ఒక్కటి అడిగి తీసుకురా. ఊళ్లో పనికొస్తది."

విమానంలో ఆమె ఒళ్లో ఆ ఖాళీ డబ్బా. నా మొహం చూసి అడిగింది. "కోపం తగ్గలేదా?"

"లేదు. తగ్గదు."

"తగ్గించమని ఎవరన్నారు? ఆరబెట్టు. పచ్చికాయ మూట కడితే బూజు పట్టుద్దిరా. ఎండిన కాయకే ఘాటు."

ఆరబెట్టడానికి ప్రయత్నించాను. క్వారీలో కూలీలతో పని చేసేటప్పుడు ఆ మాట నాకు చాలాసార్లు పనికొచ్చింది. కానీ మొన్న ఆమె కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూటంలో జరిగింది వినండి.

చర్చిలో బల్ల మీద చెక్క ఫ్రేము కట్టిన ఫొటో గోడకి ఆనించి పెట్టారు. మిషను పత్రికలో నుంచి కత్తిరించింది. ఎప్పుడో వచ్చిందట, పాస్టరుగారు బీరువాలో దాచారట. పాస్‌పోర్టులో ఉన్న బొటనవేలంత బొమ్మ తప్ప ఆమెకి ఫొటో అంటూ ఉన్నది ఇదొక్కటే. ఆ బొమ్మలో పోలీసులు కూర్చోబెట్టినట్టుంటుంది. దీంట్లో నవ్వుతోంది. ఒళ్లో డబ్బా. ఆ డబ్బా మీదుగా, ఆమె చేతుల మీదుగా తెల్ల అక్షరాలు అచ్చయి ఉన్నాయి, ఇంగ్లీషులో. దగ్గరికెళ్లి చదివాను. రేపటి అన్నం మీద నమ్మకం లేక దొరికింది దాచుకునే తల్లి అట. ఆమె ఆకలి తీర్చింది మీ చేతులేనట.

"పాస్టరుగారూ, దీని మీద ఏం రాసుందో చదివారా?"

"చదివాను బాబూ. మంచి మాటలే. కూర్చో."

"అయితే తెలుగులో చెప్పండి, అందరూ వింటారు."

"ఇది కూటం. నీ మీటింగు కాదు. వాళ్లు మన క్షేమం కోరేవాళ్లు. కూర్చో."

నేను కూర్చోలేదు. ఆ మాటలు ఒక్కొక్కటీ తెలుగు చేసి గట్టిగా చెప్పాను. కళ్లంలో బైబిలమ్మ పక్కనే కూర్చుని కాయలేరే ముసలమ్మ లేచింది.

"ఎవరు? బైబిలమ్మా? దాచుకుందా? నా కోడలు పురిట్లో ఉంటే వారంరోజులు గంజి కాసింది ఎవరి బియ్యమంట?"

ఇంకో మూల నుంచి ఇంకొకామె. "మా ఆయన మంచాన పడ్డప్పుడు?" ఇంకొకామె. "మాకు ఇచ్చిన సంగతి మీకెవరికన్నా తెలుసా ఇవ్వాళదాకా?" అప్పుడు తెలిసింది పేట పేటంతటికీ, ఆ డబ్బా వెళ్లని ఇల్లు లేదని.

నేను ఫ్రేము చేతుల్లోకి తీసుకున్నాను. నేలకేసి కొట్టేవాణ్ణే. ముసలమ్మ అరిచింది. "ఆగరా! అది పగలగొడితే ఆమె మొహం ఎక్కడ చూడమంటావ్?" ఆ అక్షరాలు కత్తిరిద్దామన్నా కుదరదు. వాటితోపాటు ఆమె చేతులు పోతాయి, డబ్బా పోతుంది. ఫ్రేము మళ్లీ బల్ల మీద పెట్టాను.

ముసలమ్మ బయటికి వెళ్లింది. వచ్చేటప్పుడు పిడికిలి మూసుకుని ఉంది. నేరుగా బల్ల దగ్గరికెళ్లి, ఫొటో అడుగున, ఆ అక్షరాల ముందు పిడికిలి విప్పింది. బియ్యం. ఇంకొకామె వెళ్లి తెచ్చింది. మా అమ్మ వెళ్లింది. పేటలో ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వెళ్లి ముంతల్లోంచి పిడికిళ్లు తెచ్చి పోశారు. పాస్టరుగారు పుస్తకం మూసి పక్కకి తప్పుకున్నారు.

బియ్యం కుప్ప పెరుగుతూ పెరుగుతూ ఫ్రేము అంచు దాటింది. మొదటి వరస అక్షరాలు మునిగాయి. తర్వాత రెండో వరస. నా కోపం ఇంకా పచ్చిగానే ఉంది, అబద్ధం చెప్పను. కానీ నేను కూటం అయ్యేదాకా అక్కడే నిలబడి చూశాను. ఇంగ్లీషు ఒక్క ముక్క కనపడలేదు. బియ్యం డబ్బా నోటి దాకా వచ్చి ఆగింది. ఆమె ఒళ్లో డబ్బాలోంచే పొర్లి బల్ల మీదకి పడుతున్నట్టుంది ఆ బియ్యమంతా. పైన ఆమె నోరంతా తెరిచి నవ్వుతోంది.