నల్లపందిరి కింద చివరి వరస

పొద్దున్నే జిగటన్నం, నూరిన మిరపకాయ రెండు మూటలు కట్టేది జువా. ఒకటి తనకి, ఒకటి మొగుడు న్యా పావ్‌కి. మంచు కరిగే రోజుల్లో ఆయన గుండె ఆగిపోయాక ఒకటే కడుతోంది. అదీ సగం పొలంనుంచి వెనక్కి తెస్తోంది.

ఆయన విత్తిన జిన్‌సెంగ్ మందువేరుకి ఇప్పటికి నాలుగేళ్లు. సరిగ్గా తవ్వే వేళకి, ఎండ తగలకుండా వేసిన నల్లపందిరి కింద ఒక మూల ఆకులు వేలాడిపోయాయి, వేళ్లు తుప్పురంగు తిరిగాయి. పక్కనే ఆయన ఆఖరుగా విత్తిన లేతమడి. ఆ కుళ్లు దానికి పాకితే ఆయన చేతిది ఇంకేం మిగలదు.

జువా బాగా కుళ్లిన వేళ్లే ఏరి ప్రయోగశాలకి పంపింది. అక్కడ పనిచేసే ఇన్‌గ్రిడ్ ఫోన్ చేసింది.

"ఇవి శవాలమ్మా. శవం మీద వాలే బూజులే దొరికాయి. చంపింది దొరకలేదు. సగం బతికున్న వేరు పంపండి."

జువా ఫోన్ పెట్టేసింది. తర్వాత వెళ్లి, జబ్బు అప్పుడే అంటుతున్న వేళ్లు పెరికి పంపింది. ఈసారి చంపే బూజే ప్రయోగశాలలో పెరిగింది.

ఇవాళ ఇన్‌గ్రిడ్ స్వయంగా వచ్చింది, బూట్లకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని.

"ఈ బూజు బీజాలు గానీ జన్యువులు గానీ తెలిసిన ఏ రకానికీ కలవలేదు. కొత్తదే అనుకుంటున్నాం. కానీ ఒక్కసారి దొరికినదాంతో పేరు పెట్టలేం. చలికాలం పోయాక ఈ మట్టిలోంచే మళ్లీ పట్టాలి. జబ్బు పడ్డ ఈ చివరి వరస తవ్వకండి."

మరిది తూ గెర్ ట్రాక్టర్ ఆపేశాడు. "ఇంట్లో నిప్పు పెట్టుకుని పడుకోమంటోందా ఈవిడ? వదినా, లేతమడి పోతుంది!"

"ఆ బూజు ఏ మందుకి చస్తుందో తెలీకపోతే మాత్రం లేతమడి ఉంటుందా?" అంది జువా.

"తెలిసేదాకా ఆగమని దానికి నువ్వు చెప్తావా?"

"నీ మాట నీ పెళ్లామే వినదు. బూజు ఎవరి మాట వింటుందో నీకెందుకు?"

తూ గెర్‌కి నవ్వొచ్చింది, వెంటనే పోయింది. జువా ఇన్‌గ్రిడ్ వైపు తిరిగింది. "పాకదా?"

"మాటివ్వలేనమ్మా. ఈ వరసకీ లేతమడికీ మధ్యన లోతుగా కాలవ తీయండి. అటు మట్టి కాళ్లకి అంటించుకుని ఇటు రాకండి."

జువా లేతమడి వైపు చూసింది. పార తీసుకుని కాలవకి గీత తనే గీసింది.

సాయంత్రానికి కాలవ అయింది. తక్కిన ముదురుమడంతా తవ్వేశారు. ట్రాక్టర్ ఆ వరస ముందు గుర్రుమంటోంది.

"ఒక్కసారి పోనిస్తే అయిపోతుంది వదినా."

"దిగు."

"అన్నయ్యుంటే..."

"దిగు తూ గెర్. ఉండనీ."

అతను ఇంజను ఆపాడు. ఆ వరస తవ్వకుండానే ఇద్దరూ ఇంటిదారి పట్టారు.