అందరినీ ఫెయిల్ చేసిన ఓబేదయ్య

మా పాస్టరు ఓబేదయ్య గారికి మనిషి కనబడితే చాలు, బైబిల్ సిద్ధాంతంలో పరీక్ష పెట్టేవారు. పెట్టి ఊరుకునేవారా? ఫెయిల్ చేసేవారు. గార్లదిన్నె మండలంలో ఆయన చేతిలో ఫెయిల్ కానివి మేకలు మాత్రమే. అవి జవాబు చెప్పవు గనుక బతికిపోయాయి.

ఆయన అసలు పేరు ఓబులేసు. తాడిపత్రిలో బండలు కోసే పనిలో ఉండగా ప్రభువును నమ్ముకుని, బైబిల్ పేరు పెట్టుకుని ఓబేదు అయ్యారు. నేను దర్జీని గనుక చెబుతున్నాను, అంత తక్కువ కత్తిరింపుతో పేరు మార్చుకున్న మనిషిని మళ్ళీ చూడలేదు.

ఒకసారి అనంతపురం బస్సులో కండక్టరును పట్టుకున్నారు.

"నాయనా, మనిషికి రక్షణ దేనివల్ల వస్తాది?"

"చిల్లర వల్ల సామీ. పొద్దున్నే అందరూ వంద నోటు తీస్తే నన్నెవురు రక్షిస్తారు?"

"ఫెయిల్! కృప వల్ల వస్తాది. నమ్మితే చాలు, ఊరికే ఇస్తాడు దేవుడు."

"అయితే టికెట్టు కూడా ఊరికే ఇయ్యమంటావా ఏందప్పా?"

ఇంకోసారి మేకలు కాసే తిప్పయ్య గొంగడి కప్పుకుని తన దోవన తాను పోతుంటే ఆపారు.

"తిప్పయ్యా, యేసు దేవుడా, మనిషా?"

"మంచోడంట సామీ."

"ఫెయిల్! పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి. రెండూనూ."

తిప్పయ్య పాపం మేకలన్నీ కంపచెట్లలోకి పోయేదాకా అది ఎలా కుదురుతుందో విని, తల గీరుకుంటూ పరిగెత్తాడు.

అలాంటి మనిషి దగ్గర నేను బాప్తిస్మానికి పేరిచ్చాను. అది రెండు వేల మూడు. వరసగా వానలు తప్పిన కాలం. మా సంఘం పద్ధతిలో తలమీద నీళ్ళు చిలకరిస్తే చెల్లదు, నిండా మునగాలి. "శవాన్ని పూడ్చమంటే పిడికెడు మన్ను చల్లి వస్తారా? పాత మనిషిని నిండా పూడ్చాల, కొత్త మనిషిని పైకి లేపాల" అనేవారు ఓబేదయ్య గారు. సిద్ధాంతం బాగానే ఉంది. నీళ్ళేవి? పామిడి దగ్గర పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు. ఊరి బోరు కొడితే నీళ్ళకు బదులు దగ్గు వచ్చేది.

తాడిపత్రిలో పాలిష్ బండల వ్యాపారి సైమన్ మల్లికార్జునయ్య గారు మా సంఘాలన్నిటికీ పెద్ద. ఓబేదయ్య గారు వెళ్ళి అడిగితే ఆయన ఖచ్చితంగా చెప్పారట: "ఊరికి నీళ్ళు పోసేదానికి గవర్నమెంటుంది. బాప్తిస్మానికైతే చెప్పు, ట్యాంకరు పంపిస్తా." అలా నెలనెలా మా చర్చి వెనక గుండెలోతు సిమెంటు తొట్టిలోకి ట్యాంకరు వచ్చేది. నాతోపాటు బయమ్మ, కుళ్లాయప్ప కూడా మునగడానికి సిద్ధం. తెల్లబట్టలు నేనే కుట్టాను.

మొదటి నెల ట్యాంకరు వచ్చింది. తొట్టి నిండింది. నన్ను గట్టు మీద నిలబెట్టి పరీక్ష మొదలుపెట్టారు.

"రామదాసూ, బైబిల్ ఎవురు రాసినారు?"

"దేవుడు అయ్యగారూ."

"ఫెయిల్! మనుషులు రాసినారు, దేవుని ఆత్మ రాయించినాడు. వచ్చే నెల రా."

వచ్చే నెల ఆ జవాబే చెప్పాను. "ఎంతమంది మనుషులు?" అన్నారు. నీళ్ళు నమిలాను. ఫెయిల్.

మూడో నెల, "ప్రభువు రెండో రాకడ ఎప్పుడు?" అని అడిగారు. ఇది నాకు కంఠతా వచ్చు. "ఆ దినం ఎవరికీ తెలీదు అయ్యగారూ" అన్నాను గర్వంగా.

ఆయన కాసేపు ఇరుకున పడ్డట్టు చూశారు. తర్వాత తేరుకుని, "తెలీదని అంత ధైర్యంగా చెప్తాండావే! సిద్ధంగా ఉండేవానికి గుండెలో రవ్వంత దడ ఉండొద్దా? ఫెయిల్!" అన్నారు.

మేము ఫెయిలైన ప్రతిసారీ ఆయన ఊళ్ళోకి పోయి కేకేసేవారు: "తొట్టిలో నీళ్ళు నిలవుంటే పాచి పడతాయి. తీసుకపోండప్పా!" ఇక చూడాలి. ఏ కులం, ఏ మతం అని లేకుండా ఊరంతా బిందెలతో బారు తీరేది. ఎర్రిస్వామి బర్రెలు సైతం వరసలో నిలబడేవి. ఓబేదయ్య గారు బకెట్టుతో తోడి పోస్తూ, పోసే ప్రతి బిందెకూ ఒక ప్రశ్న అడిగేవారు.

"నాగలక్ష్మమ్మా, దేవుళ్ళెంతమంది?"

"ఒకడే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ముగ్గురైనా ఒకడే. నీళ్ళు పోయి సామీ, పొయ్యి మీద ఎసరు లేదు."

ఆమె ప్రతి శనివారం ఆంజనేయస్వామి గుడికి పోయే మనిషి. జవాబు మాత్రం తప్పేది కాదు.

నాకు ఒళ్ళు మండింది. ఒకనాడు బయమ్మ నా అంగడికి వస్తే గోడు వెళ్ళబోసుకున్నాను. "ఈ మనిషి నన్ను పరలోకానికి గూడా పోనియ్యడు అక్కా."

బయమ్మ నన్ను జాలిగా చూసింది. "నీకు బుర్ర ఉండాదా రామదాసూ? పెన్న పారేటప్పుడు మా చెల్లెలు ఏ ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. 'ఫెయిలే! అయినా దేవుడు కృపగలవాడు, దిగు' అని అయ్యగారు ముంచేసె. ఇప్పుడెందుకు ఆపుతాండాడు? మనం మునిగితే బాప్తిస్మాలు అయిపాయె. అయిపోతే ట్యాంకరు యాడ వస్తాది?"

నా చేతిలో కత్తెర ఆగిపోయింది.

మరుసటి నెల ట్యాంకరు వెనకే మల్లికార్జునయ్య గారి జీపు దిగింది. "ఇన్ని ట్యాంకర్లు పంపిస్తి, ఒక్క మనిషైనా మునగలేదంటే ఏమప్పా? ఈ పొద్దు నేనే అడుగుతా" అన్నారాయన. ఓబేదయ్య గారి ముఖం పాలిపోయింది. మేం ముగ్గురం ఒకరినొకరం చూసుకున్నాం. చూపుల్లోనే మాట అయిపోయింది.

"కుళ్లాయప్పా, త్రిత్వమంటే?"

"ముగ్గురన్నదమ్ములు సార్. ఆస్తి ఇంకా పంచుకోలేదు."

ఓబేదయ్య గారు "అయ్యో దేవా" అని మూలిగారు.

"బయమ్మా, రక్షణ ఎట్లా వస్తాది?"

"ఆదివారం చర్చి ఊడ్చి చాపలు పరిస్తే వస్తాదయ్యా."

ఓబేదయ్య గారు తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డారు.

నా వంతు వచ్చింది. "రామదాసూ, సిలువ మీద చనిపోయిన యేసు మూడో దినాన ఏమైనాడు?"

దాని మీద అబద్ధం ఆడడానికి నాలుక తిరగలేదు. "ఆ పొద్దు నేను ఊర్లో లేనయ్యా" అన్నాను.

"లేచినాడు!" గోడ అవతలి నుంచి కేక వినబడింది. నాగలక్ష్మమ్మ. "మూడో దినం లేచినాడు సామీ! ఇంతమాత్రం తెలీదా వీళ్ళకి? ఎండలో బిందెలు పెట్టుకుని ఎంతసేపుండాల?"

మల్లికార్జునయ్య గారు గోడ దగ్గరికి వెళ్ళి తొంగి చూశారు. బిందెలు, కుండలు, చంకలో పిల్లలు, బర్రెలు. వెనక్కి తిరిగారు.

"ఓబేదయ్యా, ఏంది ఇది? నాకు అబద్ధం చెప్పినావా?"

"అబద్ధం చెప్పలేదయ్యా. ప్రశ్నలు కష్టంగా అడిగినాను, అంతే." ఆయన మా ముగ్గురి వైపు చెయ్యి చూపించారు. "వీళ్ళు నమ్మిన దినమే దేవుడు వీళ్ళను రక్షించినాడు. మునిగేది దానికి సాక్ష్యం. సాక్ష్యం నాలుగు నెలలు ఆగుతాదయ్యా. దప్పిక ఆగదు."

"నన్ను అడగొచ్చు గదా?"

"అడిగితి. బాప్తిస్మానికైతేనే అంటిరి."

మల్లికార్జునయ్య గారు చేతి గడియారం తీసి జేబులో వేసుకున్నారు. చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచారు. బయట ఉన్న డ్రైవరుతో, "రేపటి నుంచి వారానికి రెండు ట్యాంకర్లు. ఊరికి" అన్నారు. "బాప్తిస్మానికి వేరే ఇంకొకటి. ఓబేదయ్యా, ఈ ముగ్గురినీ ఈ ఆదివారమే ముంచు. ఇంక ఆపితే వీళ్ళు నాకు కొత్త మతం పెట్టేటట్టుండారు."

తర్వాత ఓబేదయ్య గారి చేతిలోంచి బకెట్టు తీసుకుని, వరసలో మొదట నిలబడ్డ నాగలక్ష్మమ్మ బిందెలో నీళ్ళు పోయడం మొదలుపెట్టారు. అలవాటు లేని చెయ్యి గదా, బిందె మెడ దాకా పోసి ఆపేశారు.

నాగలక్ష్మమ్మ బిందె కదపలేదు.

"ఏం సామీ, కృప కృప అంటారే," అంది, "అంచు దాకా రానీ!"