నడుస్తున్నదాన్ని ఆపి చూడటం

మా ఇంటి కింది భాగం దుకాణం. జంపఖానాలు, దుప్పట్లు, తువ్వాళ్లు అమ్ముతాం. అమ్ముతాం అంటున్నాను గానీ నేను ఏనాడూ ఒక దుప్పటి మడత విప్పి చూపించి ఎరుగను. దుకాణం చూసేది తమ్ముడు, గల్లా మీద కూర్చునేది అమ్మ. నేను చదువు కాగానే పత్రికలో చేరి, వరంగల్ ఎడిషన్ డెస్కులోనే జుట్టు నెరిసి, రిటైరయ్యాక మేడ మీద వరండాలో కుర్చీ వేసుకున్నవాణ్ణి. తమ్ముడి భార్య లాప్‌టాప్ పట్టుకుని ఆ కుర్చీ దగ్గరికి వచ్చింది ఒక సెలవు రోజు పొద్దున.

"బావా, మీకు పనేం లేదు గదా?" అంది.

"రిటైరైనోన్ని అట్ల మొహం మీదనే అడుగుతరా?"

"మరి ఎనుకకు పోయి అడగాల్నా? జర వినుండ్రి. నేను చెప్త. అర్థం కాకపోతే ఆపాలె. అయినట్టు తలూపొద్దు."

మరదలు పెళ్లికి ముందే ఎంసీఏ చదివింది. హనుమకొండలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ శాఖలో ఉద్యోగం. ఎక్కడో ఒక సంస్థలో అప్లికేషన్ ఆగిపోతే వాళ్లు ఫోన్ చేస్తారు. ఆమె విని, వివరాలు రాసుకుని, అడ్మిన్ జట్టుకు పంపుతుంది. సరిచేసేది ఆ జట్టు. ఇప్పుడు ఫోన్ల విభాగాన్ని మొత్తం హైదరాబాద్‌కు మారుస్తున్నారు. ఇక్కడ మిగిలేది అడ్మిన్ జట్టు ఒక్కటే, అందులో ఒక సీటు ఖాళీ ఉంది. అప్లికేషన్ సర్వర్ల నిర్వహణలో సర్టిఫికేషన్ పరీక్ష పాసైతే ఆ సీటు ఆమెది. లేకపోతే హైదరాబాద్ పోవాలి, లేదా ఉద్యోగం మానుకోవాలి.

"ఉద్యోగం సంగతి పక్కన పెట్టుండ్రి బావా," అంది. "ఇన్నేండ్ల సంది ఎవలెవలియో తిప్పలు వింటాన్న. 'మా వాళ్లకు చెప్తం సార్' అంటాన్న. ఒక్కసారన్న నేనే సరిజేసి 'చూడండి సార్, అయ్యింది' అనాలె గదా."

అలా నేను ఆమెకు శ్రోతనయ్యాను. మా డెస్కులో ఒక కొలత ఉండేది: ములుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని పేపరు చదివేవాడికి వార్త అర్థం కావాలి, మళ్లీ వెనక్కి పోయి చదవాల్సిన అవసరం రాకూడదు. ఆ కొలతతోనే అడ్డుపడేవాణ్ణి. అసలు అప్లికేషన్ సర్వర్ అంటే ఏమిటో చెప్పమన్నాను.

"మీరు ఫోన్ల రైలు టికెట్ తీస్తరు గదా. మీకు కనబడేది పైన తెర. లోపల సీటు చూసేది, పైసలు తీసుకునేది, టికెట్ ఇచ్చేది ఒక ప్రోగ్రాం. అది ఊకె గాలిల నడవదు, దానికో జాగ గావాలె. డేటాబేస్‌తోని మాట్లాడిచ్చుడు, ఎవలిని లోపలికి రానియ్యాలె ఎవలిని ఆపాలె చూసుడు, మంది ఎక్కువైతే ఇంకో సర్వర్‌కు పంపుడు, అన్ని ఆ జాగనే చూసుకుంటది."

"అంటే ప్రోగ్రాం రాసేది నువ్వు కాదు."

"నేనెందుకు రాస్త? ఎవలో రాసింది తెచ్చి నిలబెడ్త. పడిపోకుంట చూస్త."

"మా డెస్కు పని కూడ అదే. ఎవలో రాసిన వార్తను దిద్ది నిలబెట్టుడు."

"అందుకనే గదా మీ దగ్గరికొచ్చిన."

నా భార్య పాఠాలు చెప్పే బడికి, పిల్లలు కాలేజీకి పోయాక ఇల్లు సద్దుమణిగేది. ఆఫీసు మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దుటి పూట ఆమెది. లాప్‌టాప్‌లోనే రెండు మూడు ఉత్తుత్తి మెషిన్లు తయారుచేసుకుని, వాటిలో సర్వర్ పెట్టడం, అప్లికేషన్ ఎక్కించడం, డేటాబేస్‌కు కలపడం మళ్లీ మళ్లీ చేసేది. పరీక్షలో ప్రశ్నలకు జవాబులు రాయడం ఉండదట. ఒక మెషిన్ ఇస్తారు, పనులు చెప్తారు, చేసి చూపించాలి. చలికాలం గడిచేసరికి ఆమె వేళ్లు తెర చూడకుండానే కమాండ్లు కొట్టడం నేను గమనించాను. పాసవుతుందని ఇంట్లో ఎవరికీ అనుమానం లేదు.

పరీక్ష రోజు తమ్ముడు దుకాణం అమ్మకు వదిలేసి పొద్దుటి రైలుకు ఆమెను హైదరాబాద్ తీసుకుపోయాడు. తిరిగి వచ్చినప్పుడు ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయి. ఇచ్చిన పనులన్నీ పూర్తి చేసిందట, టైము కూడా మిగిలిందట. ఆ వారంలోనే మెయిల్ వచ్చింది. ఫెయిల్. ఎక్కడ తప్పిందో చెప్పరు, ఏ భాగంలో ఎంత వచ్చిందో మాత్రం చెప్తారు. ఆమెకు బాగా వచ్చిన భాగాల్లోనే సున్నాలు.

"నా కండ్ల ముందర నడిచింది బావా. అప్లికేషన్ తెరిచి చూసిన, పేజీ వచ్చింది. సున్నా ఎట్లిస్తరు?"

నాకేం తెలుసు? తప్పు ఎక్కడుందో దొరకని వార్తలా ఉంది అది. ఆఫీసువాళ్లు ఇంకొకసారి రాయడానికి ఒప్పుకున్నారు. అదే ఆఖరు అని కూడా చెప్పారు. కొన్నాళ్లు ఆమె లాప్‌టాప్ వరండాలోకి రాలేదు.

ఆ రోజుల్లోనే షట్టర్ మేస్త్రీ వచ్చాడు. మా దుకాణం షట్టర్ చాలాకాలంగా సగంలో పట్టేస్తోంది. తమ్ముడు రోజూ ఇనుప కడ్డీ పెట్టి ఎత్తుతాడు. మేస్త్రీ వచ్చేసరికి దుకాణం అప్పుడే తెరిచారు. స్ప్రింగు చూడాలంటే షట్టర్ పూర్తిగా దించాలన్నాడు. అమ్మ వినలేదు. ఒకసారి ఎత్తాక, బోణీ కాకుండా షట్టర్ దించడం మా ఇంట్లో లేదు.

"కాకా, జర ఆగు. బోణీ కానియ్యి," అని మరదలు కూడా అమ్మ పక్షమే పట్టింది. ఆమె పుట్టింటివాళ్లదీ స్టీలు సామాన్ల దుకాణమే.

"మీ బోణీ సరే బిడ్డా, నా బోణీ మీ షట్టరేనాయె!" అన్నాడు మేస్త్రీ.

అమ్మ నవ్వింది గానీ కదల్లేదు. అతను కాసేపు మెట్ల మీద కూర్చుని, చాయ్ తాగి, ఇంకో దుకాణానికి పోయాడు.

ఆ మాట పట్టుకుని తర్వాత మరదల్ని ఆటపట్టించాను. "నీ లాప్‌టాప్‌కు కూడ బోణీ కాలేదా? ఎన్నడు ఆపంగ చూడలేదు."

నిజమే. ఆమె మూత వేసేదే తప్ప లాప్‌టాప్ ఆపేది కాదు. కరెంటు పోతే ఇన్వర్టర్ వైపు పరిగెత్తేది.

"మంచిగ నడిచేదాన్ని ఎందుకాపుడు బావా?"

"మరి పరీక్షల నువ్వు లేచి వచ్చినంక దాన్ని ఎవలు చూస్తరు?" పేజీ ప్రెస్సుకు పంపి ఇంటికి పోయాక దాన్ని ఎవరు చూస్తారన్నది డెస్కువాళ్లకు తీరని బెంగ. ఆ అలవాటుతో అడిగానంతే.

"వాళ్లే. మెషిన్ ఒకసారి ఆపి, మళ్ల లేపి..." అని ఆగిపోయింది.

లాప్‌టాప్ తెచ్చింది. అన్నీ చక్కగా నడుస్తున్న ఒక ఉత్తుత్తి మెషిన్‌ను ఆపింది. మళ్లీ మొదలుపెట్టింది. మెషిన్ లేచింది. సర్వర్ లేవలేదు. అప్లికేషన్ పేజీ ఉండాల్సిన చోట తెల్లటి తెర.

"నేను చేత్తోని లేపిన," అంది మెల్లగా. "కమాండ్ కొట్టి లేపిన. మెషిన్ లేచినప్పుడు నువ్వు కూడ లెవ్వాలె అని దానికి చెప్పలేదు. పరీక్ష సూచనలల్ల ఉన్నది బావా, రీస్టార్ట్ తర్వాత కూడ పనిచెయ్యాలె అని. చదివిన. ఎట్లయిన చేస్తది అనుకున్న."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. ఫెయిలైన కబురు కంటే, ఎందుకు ఫెయిలైందో తెలియకపోవడమే ఆమెను ఎక్కువ తొలిచిందని అప్పుడు నాకు అర్థమైంది.

అప్పటి నుంచి ప్రతి పాఠం చివర ఆపడం, లేపడం. కొన్నిసార్లు లేచేది, కొన్నిసార్లు లేచేది కాదు. లేచిన రోజు ఆమె కేక కింద గల్లా దాకా వినిపించేది.

"ఏం లేచిందే?" అని అమ్మ ఒకసారి మెట్ల దగ్గరికొచ్చి అడిగింది.

"సర్వర్ అత్తమ్మా. నేనే పండవెట్టిన. దానంతట అదే లేచింది."

"నడిచేదాన్ని పండవెట్టుడేంది?"

"మనం లేనప్పుడు పడిపోతే లేస్తదో లెవ్వదో తెలువొద్దా?"

అమ్మ గల్లా దగ్గరికి వెళ్లిపోయింది. కొన్ని రోజులకు తనే మేస్త్రీకి కబురు పెట్టింది. అతను మళ్లీ దుకాణం తెరిచే వేళకే వచ్చాడు. ఇంకా బోణీ కాలేదు. అమ్మ నన్ను కిందికి పిలిచింది.

"ఒక తువ్వాల కొనుక్కో," అంది.

"నాకెందుకే?"

"తుడుసుకునేతందుకు. పైసలు తియ్యి."

మా దుకాణంలో నేను కొన్న మొదటి వస్తువు అది. నీలి అంచు తువ్వాల. అమ్మ డబ్బులు కళ్లకద్దుకుని గల్లాలో వేసి, మేస్త్రీ వైపు తిరిగింది. "ఇగ దించు. లేస్తదో లెవ్వదో సూద్దాం." ఆ పూటంతా పట్టింది గానీ, చివరికి తమ్ముడు ఒంటిచేత్తో షట్టర్ ఎత్తాడు. కడ్డీ ఇప్పుడు మేడ మీద బట్టలారేయడానికి పనికొస్తోంది.

రెండోసారి పరీక్షకు పెళ్లిళ్ల గిరాకీలో తమ్ముడికి వీలు కాలేదు, ఆమె ఒక్కతే పోయింది. తిరిగొచ్చాక ఈసారి ముఖం వెలగలేదు, జాగ్రత్తగా ఉంది.

"అన్ని పనులు చెయ్యలేదు బావా. ఒకటి ఇడిచిపెట్టిన. ఆపి చూసేతందుకు టైం ఉంచుకున్న. ఆపిన. అది లేచేదాంక నా పానం నా దగ్గర లేదు. పక్క సీటాయన ఇంక టకటక కొడ్తనే ఉన్నడు, నేనేమో చేతులు కట్టుకోని కూసున్న."

"లేచిందా?"

"ఒకటి లెవ్వలే. సరిజేసి మళ్ల ఆపిన. అప్పుడు లేచినయ్."

మెయిల్ వచ్చినప్పుడు ఆమె ఆఫీసులో ఉంది. నాకు ఫోన్ చేసింది. "బావా, అత్తమ్మకు ఇయ్యుండ్రి ఫోను," అంది. అమ్మ విని, కొంగుతో కళ్లు తుడుచుకుని, "మరి ఆ ఇడిచిపెట్టినదో?" అని అడిగింది. దానికి మార్కులు రాలేదట. మిగతావాటితోనే పాస్.

మొన్న ఆదివారం పొద్దున ఆమె వరండాలో కూర్చుని ఉంది. కొత్త సీటులో మొదటిసారి, ఒక సంస్థ సర్వర్‌ను మరమ్మతు కోసం తనే ఆపాలి. అవతల ఆ సంస్థ మనిషి ఫోన్‌లో ఉన్నాడు. ఇది ఉత్తుత్తి మెషిన్ కాదు. నేను పేపరు మడిచి పక్కన పెట్టాను. కింద తమ్ముడు ఒక్క ఊపులో షట్టర్ ఎత్తిన చప్పుడు వినిపించింది.

ఆమె ఆపింది. చేయాల్సింది చేసింది. లేపింది. తెర మీద అక్షరాల వరసలు పరుగెడుతున్నాయి.

"లేచిందానే?" అని అమ్మ కింది నుంచి కేకేసింది.

మరదలు వేలు పెదాల మీద పెట్టుకుని నన్ను చూసింది, అమ్మను ఆపమన్నట్టు. వరసలు ఆగాయి. ఆమె పేజీ తెరిచి, ఒకసారి కాదు, రెండుసార్లు చూసి, ఫోన్ దగ్గరికి తీసుకుంది.

"చూడండి సార్," అంది. "అయ్యింది."