గొలుసు కొసన ఖాళీ చెయ్యి

నా పీహెచ్‌డీ పరువు మొత్తం ఒక సాంబారు గిన్నె పక్కన పోయింది. ఎలా పోయిందో చెబుతాను, నవ్వండి. కాస్త నెమ్మదిగా నవ్వితే సంతోషిస్తాను.

దమ్మపేట దగ్గర ఆడపిల్లల హాస్టల్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా చేరి అప్పటికి ఆరు నెలలు. నేను పరిశోధన చేసింది "సౌష్టవం కాపలా కాసే టోపొలాజికల్ దశల" మీద. ఆ పేరెత్తగానే స్టాఫ్‌రూమ్‌లో అందరికీ ఒకేసారి పని గుర్తొచ్చేది. అన్నం పళ్లెం గదికి తెచ్చుకుని, ఫ్యానుతో కబుర్లాడుతూ తినేదాన్ని. నిజం చెప్పాలంటే, ఏడుపొచ్చేంత ఒంటరితనం.

ఒక మధ్యాహ్నం భోజనాల వరుసలో స్వరూప అనే విద్యార్థిని అడిగింది. "మేడమ్, మీరు ఏం కనిపెట్టిన్రు?"

ఆరు నెలల ఆకలి మీదున్నదాన్ని, ఊరుకుంటానా! వరుసలోని పాతికమందినీ చేతులు పట్టుకోమన్నాను. ఒక కొసన స్వరూప, రెండో కొసన, సాంబారు గిన్నె పక్కన, నేను.

"ఒక్కొక్కరూ ఒక్కో అణువు. రెండు చేతులూ పక్కవాళ్లకే ఇవ్వాలి, అదీ నియమం. మధ్యలో ఎవరి చెయ్యీ ఖాళీ లేదు. మరి కొసల్లో?"

"చెరొకటి మిగిలింది మేడమ్!"

"అదే! అణువులు ఒకదాన్నొకటి ఎంత గుంజుకున్నా, నియమం తప్పనంతవరకు ఆ ఖాళీ పోదు. బ్రహ్మ దిగొచ్చినా పోదు!"

"గుంజి సూడాల్నా మేడమ్?"

"గుంజండి!"

గుంజారు. వరుస మొత్తం ఊగి వచ్చి నా మీద పడింది, నేను సాంబారు మీద పడ్డాను. గిన్నె బోర్లాపడింది. అదృష్టం, కాలింది నా పరువొక్కటే.

వంట చేసే ముత్తమ్మక్క గరిటెతో పరుగెత్తుకొచ్చింది. "ఏంది మేడమ్ గిది?"

ఒక చేత్తో సాంబారు తుడుచుకుంటూనే సిద్ధాంతం చెప్పాను. "ఈ ఖాళీ చెయ్యి పోగొట్టడం ఎవరి తరం కాదక్కా."

"గంతేనా?" అని, పిల్లలు చేతులు వదలకముందే, నన్ను రెక్క పట్టుకుని స్వరూప ఉన్న కొసకు లాక్కెళ్లి, నా ఖాళీ చేతిని స్వరూప ఖాళీ చేతిలో పెట్టింది. వరుస కాస్తా గుండ్రమైంది. "ఇగ సూడు. ఖాళీ యాడుంది?"

ఎక్కడా లేదు! కొసలు కలిపితే ఖాళీ ఉండదని నా థీసిస్ మూడో పేజీలో నేనే రాశాను. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, నేను ఐదేళ్లు తవ్వి పట్టిన ఎలుకను కూడా మరిచిపోయాను.

"నీ సదువు నాకెర్క లేదు బిడ్డా," అంది ముత్తమ్మక్క. "ఆర్నెల్లసంది పళ్లెం పట్టుకొని గదిలకు పోతివి. కొసకు పోయి నిలబడ్డది నువ్వే. చెయ్యి ఖాళీగుండక ఏమైతది?"

పిల్లలు విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. కళ్లు తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు.

ఆ రోజు అందరికీ పచ్చిపులుసే దిక్కయింది. వాళ్ల మధ్యన కూర్చునే తిన్నాను. బోర్లాపడ్డ ఆ గిన్నె సాక్షిగా ఇదే నా ప్రతిజ్ఞ: ఇక ఈ జన్మలో సాంబారు పక్కన సిద్ధాంతం చెప్పను, పళ్లెం గదికి మొయ్యను.